జీతం రహస్యమైతే కులానికే లాభం

“మా బాపు జీతం కాలనీ అంతటికీ తెలుసు సార్. నా జీతం నా పక్క సీట్ల కూసున్నోళ్లకు కూడా తెల్వది.”

పెద్దపల్లి జిల్లా గోదావరిఖనికి చెందిన నా పూర్వ విద్యార్థిని ఒకరు ఈ మధ్య అన్న మాట ఇది. ఆమె తండ్రి సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరి, ముప్పై ఏళ్లకు పైగా భూగర్భంలో పనిచేసి పదవీ విరమణ పొందిన దళిత కార్మికుడు. ఆమె హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సంస్థలో డేటా అనలిస్ట్. తనతో ఒకే బృందంలో, ఒకే పని చేస్తూ, అంతే అనుభవం ఉన్న సహోద్యోగికి తనకంటే ఏటా రెండున్నర లక్షల రూపాయలు ఎక్కువ అందుతున్నాయని ఆమెకు అనుకోకుండా తెలిసింది. ఎందుకని అడగడానికి వీల్లేదు. జీతం వివరాలను ఇతరులతో పంచుకోరాదన్న షరతు మీద ఆమె నియామకం రోజునే సంతకం చేసింది. వ్యత్యాసం గురించి నోరు విప్పితే, ముందుగా ఎదురయ్యే ప్రశ్న ‘నీకెలా తెలిసింది?’ అన్నదే.

దీనికి కారణం కులమేనని అనుకుంటున్నావా అని అడిగాను. “తెల్వది సార్. కులం గురించి నన్నెవరూ ఒక్క మాట అనలేదు” అన్నది. నిజాయితీ గల జవాబు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఆ జవాబే. తనకు అన్యాయం జరిగిందని ఆమె రుజువు చేయలేదు. జరగలేదని సంస్థ రుజువు చేయనక్కర లేదు. తేల్చగలిగిన కాగితం ఒకటుంది, కానీ అది తాళం వేసిన బీరువాలో ఉంది. ప్రైవేటు రంగంలో కుల వివక్ష గురించి మనం ఇంతకాలం ఉద్యోగాల సంఖ్య చుట్టూనే మాట్లాడుతూ వచ్చాం. లోపలికి వెళ్లిన తర్వాత చేతికి వచ్చే జీతం గురించి దాదాపు మాట్లాడలేదు.

డేటా అనలిస్ట్ జీతాన్ని నిర్ణయించేవి ఏవి అని అడిగితే శిక్షణ సంస్థలు, నియామక ఏజెన్సీలు ఒకే జాబితా చెబుతాయి. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ వచ్చా, పవర్ బీఐ వచ్చా, పైథాన్ తెలుసా, ఎన్నేళ్ల అనుభవం, బ్యాంకింగ్, ఆరోగ్య బీమా వంటి ఏ రంగంలో పనిచేశారు, సంస్థ సర్వీసు కంపెనీయా, సొంత ఉత్పత్తి కంపెనీయా, బహుళజాతి సంస్థ తాలూకు సామర్థ్య కేంద్రమా, ఉద్యోగం హైదరాబాద్‌లోనా, చిన్న పట్టణంలోనా. ఈ జాబితా అబద్ధం కాదు. ఒక ఆసుపత్రి బిల్లుల పట్టికలను శుభ్రం చేసి నెలవారీ నివేదిక ఇచ్చే వ్యక్తికీ, అదే సమాచారం నుంచి రేపటి నష్టాన్ని ముందే అంచనా వేయగల వ్యక్తికీ జీతంలో తేడా ఉండటం సహజమే. అయితే ఈ జాబితా సగమే. ఒకే నైపుణ్యం, ఒకే అనుభవం, ఒకే నగరం ఉన్న ఇద్దరి మధ్య తేడా ఎక్కడి నుంచి వస్తుందో అది చెప్పదు.

మిగిలిన సగాన్ని అర్థం చేసుకోవడానికి ఆ అమ్మాయి తండ్రి జీతం ఎలా తయారైందో ముందు చూడాలి.

సింగరేణి బొగ్గు తవ్వకం ఇల్లెందులో 1889లో మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు వచ్చింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. గోదావరి ఒడ్డున రామగుండం, గోదావరిఖని గనులు విస్తరించిన దశాబ్దాల్లో తట్టా చెమ్మస్ పట్టినవారిలో అత్యధికులు కరీంనగర్ పల్లెల నుంచి కదిలివచ్చిన దళితులు, వెనుకబడిన కులాలవారు. వెట్టిని, దొర గడీని, కూలి గింజలను వదిలి వచ్చినవారికి బొగ్గు బాయి ఇచ్చింది కేవలం ఎక్కువ డబ్బు కాదు. కులంతో నిమిత్తం లేకుండా కాగితం మీద రాసి ఉన్న డబ్బు. ఊళ్లో కూలి ఎంతో దొర నోటి మాట చెప్పేది. బాయిలో ఎంతో పే షీట్ చెప్పేది.

ఆ కాగితం వెనుక చరిత్ర ఉంది. బొగ్గు పరిశ్రమకు కేంద్ర వేతన మండలి సిఫార్సులు 1967లో అమల్లోకి వచ్చాయి. 1975 నుంచి జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు మొదలయ్యాయి. యాజమాన్యాలు, కార్మిక సంఘాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని కోల్ ఇండియాకూ సింగరేణికీ కలిపి వేతనాలు తేల్చే పద్ధతి అది. పదకొండో ఒప్పందం మీద 2023 మే 20న సంతకాలయ్యాయి. 2021 జూలై 1 నుంచి వర్తించేలా 19 శాతం కనీస పెరుగుదల ఖరారైంది. జనరల్ మజ్దూర్ మొదలు పైమెట్టు వరకు ఏ కేటగిరీకి ఎంత మూలవేతనం, ఏటా ఇంక్రిమెంటు ఎంత, భూగర్భ భత్యం ఎంత, సెలవురోజు పనికి ఎంత అన్నవి అచ్చయిన పట్టికలు. యూనియన్ కార్యాలయం గోడ మీద అంటించేవారు. చాయ్ హోటల్లో చదువుకునేవారు. నెల జీతం తక్కువ పడితే కార్మికుడు మస్టర్ల లెక్క వేసుకుని, చీటీ పట్టుకుని పే ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. అక్షరం రానివాడికి పక్కింటి కార్మికుడు లెక్క చేసి పెట్టేవాడు. పక్కవాడి జీతం తెలిసి ఉండటం అక్కడ నేరం కాదు, రక్షణ.

ఇలా చెబుతున్నానని సింగరేణి కులాతీత స్వర్గమని ఎవరూ భ్రమపడనక్కరలేదు. ఎవరు భూగర్భంలోకి దిగారు, ఎవరు ఉపరితలంలో గుమస్తా కుర్చీలో కూర్చున్నారు, ఎవరు ఓవర్‌మన్ అయ్యారు, ఎవరు ఫిల్లర్‌గానే అన్‌ఫిట్ అయ్యారు అన్న ప్రశ్నల్లో కులం స్పష్టంగానే ఉండేది. పారిశుద్ధ్య పని ఎవరి వంతుకు వచ్చిందో వేరే చెప్పాలా? నేడు అదే గనుల్లో, అదే ఓపెన్‌కాస్టుల్లో కాంట్రాక్టు కార్మికులకు ఈ ఒప్పందం వర్తించదు. పర్మనెంట్ కార్మికుల సంఖ్య 1990ల తొలినాళ్లలోని లక్ష పైచిలుకు నుంచి సుమారు నలభై వేలకు పడిపోయిన కాలంలోనే వేలాది పనులు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లాయి. కోల్ ఇండియాలో అమలవుతున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ ఇవ్వాలని కాంట్రాక్టు కార్మికులు 2022లో సమ్మెకు దిగారు. అయితే వారి డిమాండును గమనించండి. ఫలానా పట్టికలో ఉన్న ఫలానా అంకె మాకూ కావాలి అన్నారు. పట్టిక బహిరంగంగా ఉంది కనుకనే ఆ డిమాండు పుట్టింది. వివక్ష ఉన్నా దానికి అంకె ఉన్నప్పుడు పోరాటానికి ఒక చిరునామా ఉంటుంది.

డేటా అనలిస్ట్ వేతనానికి లేనిది ఈ చిరునామానే.

అది ఎలా తయారవుతుందో అంచెలంచెలుగా చూద్దాం. మొదటి మెట్టు ప్రారంభ ప్యాకేజీ. పెద్ద సర్వీసు కంపెనీలు కొత్త పట్టభద్రులకు ఇచ్చే మొత్తం దశాబ్దానికి పైగా ఏటా మూడు, నాలుగు లక్షల మధ్యే తచ్చాడుతున్నది. దానికి మించి ఇచ్చే సంస్థలు ఎంపిక చేసిన కొన్ని కళాశాలల ప్రాంగణాలకే వెళతాయి. సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల వచ్చాక బొగ్గు బెల్టు పిల్లలకు చదువు దగ్గరైంది. కానీ చదువు దగ్గరైనంత సులువుగా పెద్ద కంపెనీ దగ్గర కాదు. ప్రాంగణ నియామకం దక్కనివారు అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని, కోర్సు ఫీజు కట్టి, నెలల తరబడి ఉద్యోగం వెతుక్కుంటారు. ఈ వెతుకులాటలో ఎన్ని నెలలు ఆగగలరన్నది తెలివితేటల మీద కాదు, ఇంటి నుంచి వచ్చే డబ్బు మీద ఆధారపడుతుంది. ఆగగలిగినవాడు తక్కువ జీతాన్ని తిరస్కరిస్తాడు. అద్దె కట్టలేనివాడు మొదట వచ్చిందానికి తల ఊపుతాడు. దళిత, వెనుకబడిన కులాల విద్యార్థులకు ఇంకో ముడి ఉంది. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పెడితే కళాశాలలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. అసలు సర్టిఫికెట్ చేతిలో లేని అభ్యర్థి బేరం ఏమాడగలడు?

రెండో మెట్టు ‘మీ ప్రస్తుత జీతం ఎంత?’ అన్న ప్రశ్న. ఉద్యోగం మారిన ప్రతిసారీ కొత్త జీతాన్ని చేయబోయే పనిని బట్టి కాక, పాత జీతం మీద ఇంత శాతం అని కట్టడం మన దగ్గర స్థిరపడిన ఆచారం. ఒక చిన్న లెక్క వేద్దాం. ఇద్దరు అనలిస్టులు. ఒకరు మూడున్నర లక్షలతో, మరొకరు ఐదు లక్షలతో మొదలయ్యారు. ఇద్దరూ ఒకేలా పనిచేశారు, రెండుసార్లు ఉద్యోగం మారారు, ప్రతిసారీ 30 శాతం పెంపు పొందారు. మొదటివారి జీతం ఇప్పుడు సుమారు 5.92 లక్షలు, రెండోవారిది 8.45 లక్షలు. ఒకటిన్నర లక్షల తేడా రెండున్నర లక్షలైంది. మూడోసారి మారితే తేడా 3.3 లక్షలకు చేరుతుంది. ఈ రెండు మార్పుల్లో ఏ మేనేజరూ ఎవరిపట్లా వివక్ష చూపలేదు. ఇద్దరికీ ఒకే శాతం ఇచ్చారు. ఇరవై రెండేళ్ల వయసులో గది అద్దె కోసం ఒప్పుకున్న అంకె ముప్పై ఏళ్ల వయసులోనూ వెంటాడుతూనే ఉంటుంది. పుట్టుకతో వచ్చిన స్థానం జీవితాంతం వదలకపోవడాన్ని మనం కులం అంటాం. మొదటి జీతం వదలకపోవడాన్ని మార్కెట్ అంటున్నాం.

మూడో మెట్టు సిఫారసు. చాలా సంస్థలు ఖాళీలను ముందుగా తమ ఉద్యోగులకే చెప్పి, తెలిసినవారిని సూచించమంటాయి. సూచించినవారికి బహుమతి కూడా ఇస్తాయి. తెలిసినవారు ఎవరవుతారు? బంధువు, సహాధ్యాయి, ఊరివాడు, హాస్టల్ మిత్రుడు. మన సమాజంలో ఈ వలయాలు కులం గీసిన గీతల వెంటే పెరిగాయి. సిఫారసుతో వెళ్లినవారికి ఉద్యోగంతో పాటు, ఆ కుర్చీకి సంస్థ ఎంత వరకు ఇవ్వగలదన్న రహస్యం కూడా ముందే తెలుస్తుంది. తొలితరం ఉద్యోగికి ఆ రహస్యం చెప్పేవారెవరూ ఉండరు. ‘మీరెంత ఆశిస్తున్నారు?’ అని అడిగినప్పుడు ఆమె తన అవసరాన్ని చెబుతుంది. అవతలివారు బజారు ధరను చెబుతారు.

ఈ పరిశీలనకు పరిశోధనల ఆధారం ఉందా? ఉంది. అది ఒకే దిక్కుకు చూపదు కూడా, కాబట్టి జాగ్రత్తగా చదవాలి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి 4,808 దరఖాస్తులు పంపి, ఫలితాలను 2007లో ప్రచురించారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు మాత్రమే అని తేలింది. కానీ అభిజిత్ బెనర్జీ, మరియాన్ బెర్‌ట్రాండ్, సౌగతో దత్తా, సెంధిల్ ముల్లైనాథన్ ఢిల్లీ పరిసరాల్లో జరిపి 2009లో ప్రచురించిన ఇదే తరహా ప్రయోగంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పిలుపుల విషయంలో కుల వివక్ష కనిపించలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం ముఖ్యంగా వెనుకబడిన కులాలకు పిలుపులు తగ్గాయి.

ఐటీ రంగంలో కులం లేదని వాదించేవారికి ఈ రెండో అధ్యయనం ఇష్టమైనది. దాని ఫలితాన్ని నేను తోసిపుచ్చను. అయితే అది కొలిచింది గుమ్మం దగ్గరి పిలుపును. లోపల జరిగే సంభాషణను కాదు, చివర రాసిన అంకెను అసలే కాదు. లోపలి సంభాషణ గురించి సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో రాశారు. వారు మాట్లాడిన పెద్ద సంస్థల నియామక అధికారులు తాము ప్రతిభనే చూస్తామన్నారు. అదే నోటితో అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ తెలుసుకోవడం ముఖ్యమన్నారు. తండ్రి ఏం చేస్తారు, తల్లి ఏం చదివారు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు అన్న ప్రశ్నల్లో కులం పేరు ఉండదు. కోల్ ఫిల్లర్ కూతురి జవాబులో కులం దానంతటదే బయటపడుతుంది. అశ్విని దేశ్‌పాండే, న్యూమన్ కలిసి ఢిల్లీ విశ్వవిద్యాలయాల విద్యార్థులను అధ్యయనం చేసినప్పుడు, రిజర్వేషన్ విద్యార్థులు పెట్టుకున్న ఉద్యోగ ఆశలే ఇతరులకంటే తక్కువగా ఉన్నాయి. ఇటీవల సౌమిత్ర శుక్లా ఒక ప్రతిష్ఠాత్మక కళాశాల ప్రాంగణ నియామకాలను పరిశీలించి, రాత పరీక్షల్లో, సాంకేతిక దశల్లో పెద్దగా లేని కుల అంతరం చివరి వ్యక్తిగత ఇంటర్వ్యూ దశలో తలెత్తుతున్నదని చూపారు. వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: పని కొలవగలిగిన చోట కులం బలహీనపడుతుంది, కొలమానం లేని చోట అది బలపడుతుంది. రహస్య వేతనం కొలమానం లేని చోటు.

ఇక్కడ నాలుగు అభ్యంతరాలు వస్తాయి. ఐటీ ఉద్యోగులందరినీ సింగరేణి కేటగిరీల్లో బిగించడం సాధ్యమా అన్నది మొదటిది. సాధ్యం కాదు, నేనది కోరడం లేదు. ఒకే జీతం అడగడం వేరు, జీతం పరిధిని బయటపెట్టమనడం వేరు. ఈ ఉద్యోగానికి ఇంత నుంచి ఇంత వరకు ఇస్తామని ప్రకటనలోనే రాస్తే నైపుణ్యానికి ఎక్కువ ఇచ్చే స్వేచ్ఛ సంస్థకు అలాగే ఉంటుంది. అడగడానికి ఒక గీత మాత్రం అభ్యర్థికి దొరుకుతుంది.

రెండోది, ఈ తిప్పలు పేద అగ్రకుల విద్యార్థికీ ఉన్నాయి కదా అన్నది. ఉన్నాయి. చిన్న కళాశాలలో చదివి, తెలిసినవారెవరూ లేక, తక్కువ జీతానికి తల ఊపిన రెడ్డి, బ్రాహ్మణ యువకులూ నా తరగతుల్లో ఉన్నారు. బహిరంగ వేతనం వారికీ మేలే చేస్తుంది. కొందరి వాటా తగ్గించి ఇంకొందరికి ఇచ్చే చర్య కాదిది. అందరికీ దీపం పెట్టడం. ఆ వెలుతురు చీకటిలో ఎక్కువగా నష్టపోయినవారికి ఎక్కువగా ఉపయోగపడుతుంది, అంతే.

మూడోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది. అది దళిత ఉద్యోగుల నుంచే వస్తుంది. జీతాల లెక్కను కులాలవారీగా తీయాలంటే మా కులం సంస్థకు చెప్పాలి, చెబితే జరిగే నష్టం మాకు తెలుసు అంటారు వారు. ఈ భయం కల్పితం కాదు. 2020లో కాలిఫోర్నియా రాష్ట్ర పౌర హక్కుల విభాగం సిస్కో సంస్థపై వేసిన దావాలో, ఒక దళిత ఇంజినీరు కులం తోటి భారతీయుల ద్వారా బయటపడి, ఆయన అవకాశాలు కోల్పోయారన్నదే ఆరోపణ. సంస్థ దాన్ని ఖండించింది. ఇద్దరు ఇంజినీర్లపై ఉన్న భాగాన్ని 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది. తీర్పుల సంగతి ఎలా ఉన్నా, పసిఫిక్ తీరం దాకా వెంట వెళ్లిన ఆ భయాన్ని గౌరవించాలి. కాబట్టి కుల వివరం స్వచ్ఛందంగా ఉండాలి. అది మేనేజరు కంట పడకుండా బయటి సంస్థ ద్వారా సేకరించాలి. మనుషులను గుర్తించడానికి వీల్లేని మొత్తాలుగానే ప్రచురించాలి. డేటాను ఇలా పేర్లు తీసేసి వాడటం అనలిస్టులకు రోజువారీ పనే. ఖాతాదారుల రహస్యం కాపాడగలిగిన సంస్థ తన ఉద్యోగుల రహస్యం కాపాడలేనంటే నమ్మలేం.

నాలుగోది, సంస్థలు తమంతట తామే చేసుకుంటాయి, చట్టాలెందుకు అన్నది. ఆ దారి ఇప్పటికే చూశాం. ప్రైవేటు రంగ రిజర్వేషన్ల చర్చ వేడెక్కిన 2006లో, జంషెడ్ ఇరానీ అధ్యక్షతన పరిశ్రమ సంఘాల కార్యదళం ఏర్పడి, స్వచ్ఛంద ప్రవర్తనా నియమావళిని ముందుకు తెచ్చింది. రెండు దశాబ్దాలు గడిచాయి. ఒక దళిత డేటా అనలిస్ట్‌కూ ఆమె సహోద్యోగికీ జీతంలో తేడా ఎంతో చెప్పే పట్టిక ఒక్కటీ మన ముందు లేదు.

చట్టంలోనూ ఈ ఖాళీ స్పష్టంగా ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 ఒకే రకమైన పనికి వేతనంలో లింగ వివక్షను నిషేధిస్తుంది. అందులో కులం మాట లేదు. 1976 నాటి సమాన వేతన చట్టాన్ని కొత్త కోడ్‌లో కలిపిన సందర్భంలో ఒక్క పదం చేర్చే అవకాశం పార్లమెంటుకు ఉండింది, చేర్చలేదు. సెబీ నిబంధనల ప్రకారం వెయ్యి అతిపెద్ద లిస్టెడ్ కంపెనీలు తమ బాధ్యతా నివేదికల్లో పురుషుల, స్త్రీల మధ్యస్థ వేతనాలను విడివిడిగా ప్రకటిస్తున్నాయి. అంటే ఒక సామాజిక వర్గపు వేతనాన్ని లెక్కించి చెప్పడం కంపెనీలకు కొత్త కాదు, అసాధ్యమూ కాదు. అదే పట్టికలో ఇంకో వరుస చేర్చమనడమే మిగిలింది.

ప్రపంచం ఏం చేస్తున్నదో చూడండి. పాత జీతం అడగకూడదన్న చట్టాన్ని అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2016లోనే చేసింది. కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఉద్యోగ ప్రకటనలోనే వేతన పరిధిని రాయాలి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన వేతన పారదర్శకత ఆదేశం ఇంటర్వ్యూకు ముందే వేతనం చెప్పాలని, పాత జీతం అడగరాదని, జీతం గురించి తోటివారితో మాట్లాడుకోవడాన్ని ఏ ఒప్పందమూ నిషేధించరాదని అంటున్నది. దాన్ని జాతీయ చట్టాల్లోకి తేవడానికి సభ్యదేశాలకు 2026 జూన్ 7 గడువు. కాలిఫోర్నియాలో ఉద్యోగం వెతికే తెలుగు ఇంజినీరుకు ప్రకటనలోనే కనిపించే అంకె, అదే కంపెనీ మాదాపూర్‌లో ఇచ్చే ప్రకటనలో ఉండాలన్న నియమం లేదు.

కేంద్ర చట్టం మారేదాకా తెలంగాణ చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఈ రాష్ట్రం 2024 నవంబరులో ఇంటింటి కుల సర్వే మొదలుపెట్టి, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించింది. ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన కులాలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని లెక్క తేల్చింది. జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి నేతృత్వంలోని నిపుణుల బృందం ఆ సమాచారాన్ని విశ్లేషించి నివేదిక ఇచ్చింది. ఎస్సీల్లోని 59 కులాలను మూడు గ్రూపులుగా చేసిన వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. జనాభాలో ఎవరెంతో చెప్పిన రాష్ట్రం, హైటెక్ సిటీ జీతాల్లో ఎవరి వాటా ఎంతో కూడా అడగగలదు. వర్గీకరణ సాధించుకున్న మాదిగ, ఉపకులాల యువతకు ఇది మరీ ముఖ్యం. ప్రభుత్వ ఉద్యోగాలు కుదించుకుపోతున్న కాలంలో వారు వెళ్లేది ఈ ప్రైవేటు కొలువులకే.

ప్రభుత్వం చేయగల పనులు మూడు. ఐటీ సంస్థలకు భూమి, రాయితీలు ఇచ్చేటప్పుడు వేతన పరిధిని ప్రకటించడం, పాత జీతం అడగకపోవడం అన్న రెండు షరతులు పెట్టవచ్చు. తన కార్యాలయాల్లో ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల ద్వారా పనిచేసే డేటా ఎంట్రీ ఆపరేటర్లకు, అనలిస్టులకు ఏజెన్సీ కోత పోగా చేతికి ఎంత వస్తుందో శాఖలవారీగా, సామాజిక వర్గాలవారీగా ముందు తానే ప్రకటించవచ్చు. కుల సర్వే ఫారాలను కంప్యూటర్లలోకి ఎక్కించిన చేతుల కూలి ఎంతో తెలుసుకోవడం కంటే సముచితమైన ఆరంభం ఏముంటుంది? మూడోది, ఫీజు బకాయిల పేరిట ఏ విద్యార్థి సర్టిఫికెట్టూ ఆగకుండా చూడటం. బకాయి ప్రభుత్వానిది, శిక్ష విద్యార్థికి అన్నది ఏ న్యాయానికీ నిలవదు.

కార్మిక సంఘాలకూ ఇందులో పని ఉంది. 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్న చరిత్ర సింగరేణి కార్మికులది. పట్టిక చదవడం, ఒప్పందంలోని ఒక్కో నిబంధనను విప్పి చెప్పడం వారికి వచ్చిన విద్య. కానీ వారి పిల్లలు చేరిన గాజు భవనాల్లోకి ఆ విద్య పోలేదు. పెద్దపల్లి లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయి దశాబ్దాలు గడిచింది. ఈ బెల్టు నుంచి వెళ్లిన దళిత ప్రతినిధి పార్లమెంటులో లేచి, వేతనాల కోడ్‌లో కులం అన్న పదం ఎందుకు లేదని అడిగితే అది ఈ ప్రాంతపు చరిత్రకు తగిన ప్రశ్న అవుతుంది.

ఆ విద్యార్థిని ఇప్పుడు మరో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నది. మొన్న ఫోన్ చేసినప్పుడు ఒక సంగతి చెప్పింది. ఆన్‌లైన్ దరఖాస్తులో ‘ప్రస్తుత జీతం’ అన్న గడిని ఖాళీగా వదిలి చూసిందట. దరఖాస్తు ముందుకు కదలలేదు. నింపక తప్పలేదు. నాలుగేళ్ల కింద గది అద్దె కోసం ఒప్పుకున్న అంకె మళ్లీ ఆమెకంటే ముందే కొత్త కార్యాలయానికి చేరింది. ఆ ఒక్క గడిని తీసేయించడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు కాదు. బొగ్గు బాయిలో దిగిన తండ్రికి ఉన్నపాటి హక్కు డేటా ముందు కూర్చున్న కూతురికి ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే మొదలు కావాలి.